విద్యార్థులే నడిపే బడి క్యాంటీన్: వంటగదిని తరగతిగా మలచే క్రమం

ఉన్నత పాఠశాలలో విద్యార్థులే వండి, వడ్డించి, లెక్కలు రాసుకునే క్యాంటీన్‌ను నెలకొల్పాలనుకునే ఉపాధ్యాయుల కోసం, ప్రధానోపాధ్యాయుల కోసం ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఇటువంటి ప్రయత్నాలు ఎంతో ఉత్సాహంతో మొదలై, కొద్ది వారాలకే ఒకే దారి పడుతుంటాయి. వంట తడబడిన చోట పెద్దలు గరిటె అందుకుంటారు, లెక్క తేలని చోట ఉపాధ్యాయుడే పద్దు సరిచేస్తాడు, చివరికి పిల్లలకు ఉల్లిపాయలు తరగడం, పళ్ళేలు కడగడం మాత్రమే మిగులుతాయి. అందువల్ల పొయ్యి వెలిగించక ముందే ఒక నియమం రాసిపెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఉష్ణోగ్రతల పుస్తకం, తూకాల పుస్తకం, నగదు పుస్తకం అనే మూడింటినీ విద్యార్థులే రాయాలి. వాటిని చూసి తీసుకునే నిర్ణయాలు కూడా వారివే కావాలి. పెద్దలు తమ చేతిలో ఉంచుకోవలసిన అధికారం ఒక్కటే: ఎవరికైనా ప్రమాదం కలిగే సూచన కనిపించిన క్షణంలో పనిని ఆపించడం. ఇక్కడ చెప్పబోయే ప్రతి దశా ఈ నియమానికి లోబడే ఉంటుంది.

మొదటి దశ: అనుమతులు, బాధ్యులు

క్యాంటీన్ తెరవడానికి కనీసం ఒక విద్యాకాలం ముందు ఈ పని మొదలుపెట్టాలి. మీ ప్రాంతంలో ఆహార భద్రతను చూసే అధికారిక విభాగాన్ని సంప్రదించి, బడిలో వండి అమ్మడానికి ఏ నమోదు లేదా లైసెన్సు అవసరమో, వంటగదికి తనిఖీ ఉంటుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. పాఠశాల యాజమాన్యం నుంచి, పాల్గొనే ప్రతి విద్యార్థి తల్లిదండ్రుల నుంచి సమ్మతి పత్రాలు తీసుకోవాలి. ఆ పత్రంలోనే పిల్లల అలర్జీలు, ఆస్తమా, చర్మవ్యాధులు, అత్యవసరంలో ఫోన్ చేయవలసిన నంబరు ఉండాలి. ఆహార భద్రతలో శిక్షణ పొందిన పెద్ద ఒకరు, ప్రథమ చికిత్స తెలిసిన పెద్ద ఒకరు వంట జరిగే ప్రతి పూటా హాజరు కావాలి. ఇద్దరిలో ఒకరు రాని రోజున పొయ్యి వెలిగించకపోవడమే మంచిది. ఆ రోజు కోసం నిప్పు అవసరం లేని ఒక చిన్న పట్టికను, అంటే పండ్లు, రొట్టె వంటి వాటిని, ముందే సిద్ధంగా ఉంచుకోవచ్చు.

రెండో దశ: ఎంతమందికి, ఎన్ని రకాలు

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. మేము మొదటిసారి తెరిచిన వారం అయిదు రకాలు వండించాము. మూడు రకాలు మిగిలిపోయాయి, అందరూ అడిగిన ఒక్కటి విరామం సగం గడవక ముందే అయిపోయింది, వండిన పిల్లలు అలసిపోయి అన్నం తినకుండానే తరగతికి వెళ్లారు. అప్పటి నుంచి నేను అందరికీ చెప్పేది ఒకటే. మొదటి నెల వారానికి ఒక్క రోజు, ఒక ప్రధాన వంటకం, దానికి తోడు ఒక పండు లేదా పచ్చికూరల ముక్కలు, మొత్తం నలభై వడ్డింపులు చాలు.

ఆ తర్వాత ఎంతవరకు పెంచవచ్చు అనేది పొయ్యిల సంఖ్య మీద కంటే వడ్డన వేగం మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఒక పళ్ళెం వడ్డించి, డబ్బు లేదా టోకెను తీసుకోవడానికి 20 సెకన్లు పడుతుందనుకుంటే, నిమిషానికి మూడు, 20 నిమిషాల విరామంలో 60 పళ్ళేలు మాత్రమే ఒక వరుసలో అందుతాయి. 150 మందికి వండినా ఒకే వరుస ఉంటే తొంభై మంది ఖాళీ చేతులతో వెనక్కి వెళతారు. టోకెన్లను ముందు రోజే అమ్మితే గల్లాపెట్టె దగ్గర చిల్లర కోసం ఆగే సమయం తగ్గి పళ్ళేనికి 12 సెకన్లు చాలుతాయి. అంటే అదే వరుసలో వంద మందికి అందుతుంది. ఈ లెక్కను మీరు చేసి చెప్పవద్దు. వడ్డన బృందానికి స్టాప్‌వాచ్ ఇచ్చి, ఖాళీ పళ్ళేలతో అభినయం చేయించి, వారి చేతనే తేల్పించండి. ముందస్తు టోకెన్ల వల్ల ఎంత వండాలో కూడా ముందే తెలుస్తుంది కనుక వృథా తగ్గుతుంది.

మూడో దశ: వంటగది అమరిక

సరుకు లోపలికి వచ్చే చోటు నుంచి నిల్వ, కడగడం, తరగడం, వండటం, వడ్డించడం అనే వరుసలో పదార్థం ఒకే దిశగా కదలాలి. మురికి పళ్ళేలు తిరిగివచ్చే దారి వండిన ఆహారం వెళ్లే దారికి అడ్డు రాకూడదు. గది చిన్నదైతే దారిని వేరుచేయలేకపోవచ్చు గానీ సమయాన్ని వేరుచేయవచ్చు: పచ్చి మాంసం, గుడ్ల పని మొదట ముగించి, బల్లలు శుద్ధి చేసిన తర్వాతే పచ్చిగా తినే కూరగాయలు, పండ్లు తీయాలి. చేతులు కడుక్కోవడానికి ప్రత్యేకమైన కుళాయి తప్పనిసరి. గిన్నెలు కడిగే తొట్టిలో చేతులు కడుక్కోవడం అలవాటు కానివ్వకూడదు.

కొనవలసిన వస్తువులలో నేను మొదట రాసేది గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటరు, రెండోది గ్రాముల వరకు చూపే తూకం యంత్రం. మిక్సీ, ఓవెన్ వంటివి తర్వాత చూసుకోవచ్చు. రంగులతో వేరుచేసిన కోత పలకలు కూడా అవసరమే. ఎరుపు పచ్చి మాంసానికి, నీలం చేపలకు, ఆకుపచ్చ పచ్చికూరలకు, పండ్లకు వాడటం చాలా వంటగదుల్లో ఉన్న పద్ధతి. అగ్నిమాపక దుప్పటి, నూనె మంటలకు పనికివచ్చే అగ్నిమాపక సాధనం పొయ్యికి మరీ దగ్గరగా కాకుండా, తలుపు వైపు ఉండాలి. మండుతున్న నూనె మీద నీళ్లు పోస్తే ఆ నీరు క్షణంలో ఆవిరై నూనెను చిమ్మి మంటను పైకి ఎగదోస్తుందన్న సంగతి ప్రతి విద్యార్థికీ మొదటి రోజే తెలియాలి. పొయ్యి ఆర్పి, మూత వేసి, దూరంగా జరగడం వారికి అలవాటు కావాలి. గ్యాసు వాల్వు ఎక్కడుందో కళ్లు మూసుకుని కూడా చూపగలిగేంత సాధన చేయించాలి. మొదటి సంవత్సరం మరిగే నూనెలో వేయించే వంటకాలను పట్టికలో చేర్చవద్దని నా సలహా.

నాలుగో దశ: తెరవడానికి ముందు ఎనిమిది వారాల శిక్షణ

మొదటి రెండు వారాలు వంట ఉండదు. సబ్బుతో 20 సెకన్లు చేతులు రుద్దుకోవడం, జుట్టు కట్టుకోవడం, ఉంగరాలు, గాజులు తీసిపెట్టడం, బల్లను కడిగి తర్వాత శుద్ధి చేయడం నేర్పాలి. కడగడం, శుద్ధి చేయడం రెండు వేర్వేరు పనులని పిల్లలకు అర్థం కావడానికి సమయం పడుతుంది. జిడ్డు మిగిలిన బల్ల మీద క్లోరిన్ ద్రావణం చల్లితే ఆ జిడ్డే క్లోరిన్‌ను తినేస్తుంది, క్రిములు మిగిలిపోతాయి. 5 శాతం బ్లీచు 2 మిల్లీలీటర్లు ఒక లీటరు నీటిలో కలిపితే సుమారు 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో 100 పాళ్లు) ద్రావణం వస్తుంది. ఈ లెక్కను రసాయన శాస్త్ర తరగతిలో చేయించడం బాగుంటుంది. బ్లీచులో ఆమ్లాలను గానీ వేరే శుభ్రపరిచే ద్రవాలను గానీ కలిపితే విషవాయువు వెలువడుతుందని డబ్బా మీదే రాసి అతికించాలి.

మూడు, నాలుగు వారాలు కత్తికి, తూకానికి. కూరగాయను పట్టుకున్న చేతి వేళ్ల కొసలు లోపలికి మడిచి, కత్తి పక్కభాగం వేలి కణుపులకు ఆనేలా కోయడం నేర్పాలి. మొద్దుబారిన కత్తి జారి వేలిని తెగ్గోస్తుంది కనుక పదును చూసుకోవడమూ పాఠంలో భాగమే. ఒకే క్యారట్‌ను సమానంగా ఒకసారి, ఎగుడుదిగుడుగా ఒకసారి కోయించి రెండింటినీ ఒకే గిన్నెలో ఉడికించండి. కొన్ని ముక్కలు మెత్తబడి చితికిపోగా కొన్ని లోపల పచ్చిగా మిగలడం చూశాక, సమానంగా తరగమని మళ్లీ చెప్పవలసిన అవసరం రాదు. అయిదు, ఆరు వారాలలో ఉడికించడం, ఆవిరి పట్టడం, తక్కువ నూనెలో వేయించడం, ఓవెన్‌లో కాల్చడం అనే పద్ధతులను చిన్న పరిమాణంలో, ఆరుగురికి సరిపడేంతగా చేయించాలి. ఏడో వారం అదే వంటకాన్ని ముప్పై మందికి, ఎనిమిదో వారం ఉపాధ్యాయులనే గ్రాహకులుగా నిలబెట్టి పూర్తి వడ్డన అభ్యాసం.

అయిదో దశ: పని విభజన

ఇరవై నలుగురు విద్యార్థులు ఉన్నారనుకుంటే ఆరుగురేసి నాలుగు బృందాలు సరిపోతాయి: వంట, వడ్డన, సరుకులు-శుభ్రత, లెక్కలు. 19వ శతాబ్దం చివరలో ఫ్రెంచ్ వంట నిపుణుడు ఆగస్ట్ ఎస్కోఫియే పెద్ద హోటళ్ల వంటగదులను విభాగాలుగా క్రమబద్ధం చేశాడు. ఒక్కొక్కరికి ఒక్కో స్పష్టమైన బాధ్యత ఉండటమనే ఆలోచనను ఆయన నుంచి తీసుకోవచ్చు. అందులోని పై అధికారి, కింది ఉద్యోగి అనే హోదాలు మాత్రం బడికి అక్కరలేదు. మూడు వారాలకు ఒకసారి బృందాల పనులు మారాలి. ఈ మార్పు విషయంలో మెత్తబడకండి. బాగా వండే విద్యార్థి ఎప్పుడూ పొయ్యి దగ్గరే, లెక్కలు వచ్చిన విద్యార్థి ఎప్పుడూ గల్లా దగ్గరే, నోరెత్తని విద్యార్థి ఎప్పుడూ గిన్నెల తొట్టి దగ్గరే ఉండిపోవడం మనకు తెలియకుండానే జరిగిపోతుంది. అబ్బాయిలు మూటలు మోయడానికి, అమ్మాయిలు వండటానికి అన్న విభజన కూడా అలాగే చొరబడుతుంది. ఎవరు ఏ పని ఎన్ని వారాలు చేశారో చూపే పట్టికను గోడ మీద అందరికీ కనిపించేలా ఉంచాలి.

ఆరో దశ: ప్రామాణిక వంట పత్రం

గుప్పెడు, చిటికెడు, తగినంత అనే మాటలు ఇంటి వంటలో అనుభవానికి గుర్తులు. ఇరవై నాలుగు వేర్వేరు చేతులు వండే చోట వాటితో పని జరగదు. ప్రతి వంటకానికి ఒక పత్రం ఉండాలి. అందులో పదార్థాల తూకం గ్రాములలో, పని వరుస, పట్టే సమయం, చేరవలసిన లోపలి ఉష్ణోగ్రత, ఒక వడ్డింపు తూకం, ఏ గరిటెతో వడ్డించాలో రాసి ఉండాలి.

కొనుగోలు లెక్కకు తరుగు తెలియాలి. 10 కిలోల కూరగాయలు తొక్క తీసి తరిగితే 8 కిలోలు మిగిలాయంటే తరుగు 20 శాతం. వండటానికి 12 కిలోలు కావాలంటే 12కు 20 శాతం కలిపి 14.4 కిలోలు కొంటే చాలదు, 12ను 0.8తో భాగించి 15 కిలోలు కొనాలి. ఈ తేడా దగ్గర దాదాపు ప్రతి విద్యార్థీ ఒకసారి తప్పటడుగు వేస్తాడు. ఆ తప్పు తూకాల పుస్తకంలో పడి, వడ్డన రోజున ముక్కలు తక్కువ పడినప్పుడు, శాతాల పాఠం ఇక మరిచిపోరు.

నలుగురికి రాసిన సూపును అరవై మందికి వండాలంటే పదార్థాలను పదిహేనుతో గుణిస్తే సరిపోతుందని అనిపిస్తుంది. ముఖ్య పదార్థాలకు అది నిజమే. నీటికి కాదు. ఆవిరయ్యే నీరు పాత్ర నోటి వైశాల్యాన్ని బట్టి, మరిగే సమయాన్ని బట్టి ఉంటుంది. పెద్ద గిన్నెలో పదార్థం పరిమాణంతో పోలిస్తే ఉపరితలం తక్కువ కనుక ఆ నిష్పత్తిలో నీరు ఇగరదు, సూపు పలచబడుతుంది. ఉప్పు, కారం, మసాలాలను లెక్క ప్రకారం వచ్చిన దానిలో నాలుగింట మూడు వంతులు మాత్రమే వేసి, రుచి చూసి మిగతాది కలపాలి. లోతైన పాత్రలో చిక్కటి పదార్థం పైన చల్లగా ఉండగానే కింద అడుగంటుతుంది. కాబట్టి మందపాటి అడుగున్న పాత్ర, పొడవైన గరిటె, అడుగు తగిలేలా తిప్పే ఒక మనిషి కావాలి. అరవై మందికి ఒకే పాత్రలో కాకుండా ముప్పై చొప్పున రెండు పాత్రల్లో వండితే ఒకటి చెడినా భోజనం ఆగదు.

ఏడో దశ: ఆహార భద్రత

బడిలో వండిన తిండి వల్ల ఒక్క పిల్లవాడు జబ్బు పడినా కార్యక్రమం ఆగిపోతుంది. అంతకంటే ముందు, ఆ పిల్లవాడు బాధపడతాడు. అందుకే ఈ దశను మిగతావాటికంటే నెమ్మదిగా నేర్పాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే అయిదు సూత్రాలను పునాదిగా తీసుకోవచ్చు: శుభ్రత, పచ్చి ఆహారాన్నీ వండిన ఆహారాన్నీ వేరుగా ఉంచడం, పూర్తిగా ఉడికించడం, సరైన ఉష్ణోగ్రతలో నిల్వ, మంచి నీరూ మంచి సరుకూ వాడటం. క్రిములు వేగంగా పెరిగేది 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య. కనుక చల్లనివి 5 డిగ్రీల లోపు, వేడివి 60 డిగ్రీల పైన ఉండాలి. గడ్డకట్టించినవి మైనస్ 18 దగ్గర ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆహారం మధ్యభాగం 70 డిగ్రీలకు చేరాలంటుంది. విద్యార్థుల వంటగదిలో ఏ పదార్థానికి ఎంత అని వేర్వేరు అంకెలు గుర్తుపెట్టుకోవడం కంటే, అన్నింటికీ 75 అని ఒకే అంకె గోడ మీద రాయడం సురక్షితం. థర్మామీటరు నిజం చెబుతోందో లేదో నెలకొకసారి చూడాలి: దంచిన మంచుగడ్డలు నిండిన నీటిలో ఉంచితే అది సున్నా చూపాలి.

ఉడికించిన అన్నం ప్రమాదం లేనిదిగా కనిపిస్తుంది. కానీ ముడి బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా బీజకణాలు మరిగే నీటికీ చావవు. అన్నం గది వేడిమిలో గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషాన్ని తయారు చేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. చేతి పుండ్ల నుంచి, ముక్కు నుంచి ఆహారంలో పడే స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా విషం సంగతీ అంతే. అందుకే తెగిన వేలికి నీరు చొరని పట్టీ వేసి పైన గ్లవ్ తొడగాలి, వాంతులు లేదా విరేచనాలు ఉన్నవారు అవి తగ్గిన తర్వాత కనీసం 48 గంటల వరకు వంటగదిలోకి రాకూడదు. వండిన దాన్ని చల్లార్చి దాచాలంటే 60 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కడి నుంచి 5 డిగ్రీలకు మరో నాలుగు గంటల్లో దింపాలి. లోతులేని పళ్ళేలలో పలచగా పరిస్తేనే అది సాధ్యం. బడి గంట మోగితే వెళ్లిపోయే పిల్లలు ఈ గడియారాన్ని చివరి వరకు కాపలా కాయలేరు. కాబట్టి వండినది ఆ రోజే ముగించాలి, మర్నాటికి దాచకూడదు అన్నది నేను ఎన్నడూ సడలించని నిబంధన.

అలర్జీల విషయంలో పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు-పీతలు, వేరుశనగ, జీడిపప్పు-బాదం వంటి గింజలు, గోధుమ, సోయా, నువ్వులు అనే తొమ్మిదింటినీ ప్రతి వంటకం ఎదుట ఉందో లేదో గుర్తుపెట్టిన పలక వడ్డన బల్ల మీద ఉండాలి. మీ ప్రాంత నిబంధనల జాబితా ఇంకా పెద్దదైతే దాన్నే పాటించాలి. ఎవరైనా అడిగినప్పుడు "ఉండకపోవచ్చు" అని వడ్డించేవారు చెప్పకూడదు. పత్రం చూసి చెప్పాలి, తెలియకపోతే వడ్డించకూడదు. ఈ సంభాషణను అభినయంగా పలుమార్లు చేయించండి, ఎందుకంటే వరుసలో ఉన్న స్నేహితుడు తొందర పెడుతున్నప్పుడు ఆగి పత్రం చూడటం పదిహేనేళ్ల వయసులో సులువు కాదు.

ప్రతి పూటా ఉష్ణోగ్రతల పుస్తకంలో ఫ్రిజ్, వండిన పదార్థం, వడ్డన సమయంలో పదార్థం అనే మూడు అంకెలు, సమయం, రాసినవారి సంతకం ఉండాలి. 1960లలో అంతరిక్ష యాత్రికుల ఆహారం కోసం నాసాతో కలిసి రూపొందించిన హాసప్ అనే ఆహార భద్రతా పద్ధతికి మూలం కూడా ఇదే: వండిన తర్వాత పరీక్షించడం కంటే, ఎక్కడ తప్పు జరగవచ్చో ఆ చోట కొలిచి రాయడం. అన్ని అంకెలూ ఒకేసారి, ఒకే చేతిరాతతో నింపిన పేజీ కనిపిస్తే మందలించకండి. ఆ బృందంతో కూర్చుని, ఆ అంకె ఎవరిని కాపాడుతుందో మరోసారి మాట్లాడండి.

ఎనిమిదో దశ: ధర, డబ్బు

జీతాలు, అద్దె లేని క్యాంటీన్‌లో అమ్మకం ధరను వంద పాళ్లుగా తీసుకుంటే, 60 పాళ్లు ముడిసరుకుకు, 15 ఇంధనం, శుభ్రతకు, 10 వృథాకు, 15 పాత్రల మరమ్మతుకు, నిల్వ నిధికి కేటాయించడం మొదటి ఏడాదికి సమంజసమైన విభజన. మూడు నెలల తర్వాత లెక్కల బృందమే తమ పద్దు చూసి దీన్ని సవరించుకోవాలి. రోజుకు ఎలాగూ అయ్యే ఖర్చు 600 అనుకుందాం, ఒక్కో పళ్ళెం మీద సరుకు పోను 15 మిగులుతుందనుకుందాం. 40 పళ్ళేలు అమ్మితే గానీ నష్టం ఆగదు. ఈ అంకెను వారం వారం నల్లబల్ల మీద రాస్తే, మిగిలిపోయిన ఆరు పళ్ళేల బరువు వారికి తెలిసివస్తుంది.

గల్లాపెట్టెను ఇద్దరు కలిసి తెరవాలి, ఇద్దరు కలిసి లెక్కించాలి. సరుకు కొనేవారు, పద్దు రాసేవారు ఒకరే కాకూడదు. తక్కువ పడితే తక్కువ అనే రాయాలి, ఎవరూ జేబులోంచి వేసి సరిచేయకూడదు. డబ్బు కట్టలేని పిల్లలకు ఇచ్చే టోకెను రంగులో, ఆకారంలో మిగతావాటికి ఏమాత్రం తేడా లేకుండా ఉండాలి. వాటిని పెద్దలు ఒకరు మాత్రమే, ఎవరికీ తెలియకుండా అందించాలి. వరుసలో నిలబడిన ఏ బిడ్డా తన పేదరికాన్ని చేతిలో పట్టుకుని నిలబడకూడదు.

తొమ్మిదో దశ: వడ్డన రోజు

పన్నెండున్నరకు భోజనం అయితే వెనక నుంచి లెక్కపెట్టుకోవాలి. 12:20కి అలర్జీ లేనివారు రుచి చూడటం, చివరి ఉష్ణోగ్రత రాయడం. 12:00కి వంట పూర్తి. 11:00కి పొయ్యి వెలిగించడం. 10:00కి తూకం, కోత. 9:45కి చేతులు, ఆప్రాన్లు, ఫ్రిజ్ తనిఖీ. పొయ్యి వెలిగించే ముందే అన్ని పదార్థాలు తూచి, తరిగి, వరుసగా గిన్నెల్లో పెట్టి ఉండాలి. వంట బృందానికి రెండున్నర గంటలకు పైగా పడుతుంది కనుక మిగతా ఉపాధ్యాయులతో కాలపట్టికను ముందే సర్దుకోవాలి. ఒంటి గంటకు వడ్డన ఆపి, తిన్న తర్వాత, కడగడం, గల్లా లెక్క, పుస్తకాలపై సంతకాలు.

పదో దశ: వృథాను తూచడం, మూల్యాంకనం

మూడు బకెట్లు పెట్టండి: తరిగేటప్పుడు పోయింది, అమ్ముడుపోనిది, పళ్ళెంలో వదిలేసింది. వీటిని కలిపి తూస్తే ఏమీ తెలియదు. మొదటిది కత్తి పని గురించి, రెండోది అంచనా గురించి, మూడోది రుచి గురించి లేదా వడ్డింపు పరిమాణం గురించి చెబుతుంది. పళ్ళేలలో ఎక్కువ మిగిలిన రోజున తిన్నవారిని అడగాలి. జవాబు బాధించేదైనా వండినవారే స్వయంగా వినాలి.

మార్కులు వంట రుచికి ఇవ్వవద్దు. మూడు పుస్తకాలకు, పొరపాటు జరిగినప్పుడు దాన్ని రాసి, మరుసటి వారం ఏం మార్చారో చూపినదానికి ఇవ్వండి.

పదకొండో దశ: అప్పగింత

విద్యార్థులు బడి విడిచి వెళతారు కనుక ఏటా కొత్త బృందం వస్తుంది. చివరి మూడు వారాలను దీనికోసమే ఉంచాలి. మొదటి వారం కొత్తవారు చూస్తారు, రెండో వారం కలిసి వండుతారు. మూడో వారం పాతవారు వంటగదిలోనే ఉంటారు గానీ గరిటె ముట్టుకోరు, అడిగితే తప్ప మాట్లాడరు. ఆ రోజు ఉష్ణోగ్రతల పుస్తకంలో కొత్త చేతిరాతతో మొదటి సంతకం పడిన తర్వాతే పాత బృందం స్టోరు తాళంచెవులు అప్పగించాలి.